మూతలేని మాస్టారు

ఆ గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పెద్దాయన బుద్ధెరిగినప్పటి నుంచీ దేన్నీ మూసి ఎరగరు. పెన్ను కొన్న రోజే దాని క్యాపు మాయమయ్యేది. ఫ్లాస్కుకి మూత ఉండేది కాదు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉండేవి, సొరుగులు నాలుక బయటపెట్టినట్టు వేలాడేవి. ఆఖరికి గొడుగు కూడా ముడవకుండానే లోపలికి తెచ్చేవారు. అది గుమ్మంలో ఇరుక్కుంటే చదువుకునేవాళ్ళు ఇద్దరు లేచి చెరో వైపూ పట్టి లాగేవారు. అందుకే అందరూ ఆయన్ని మూతలేని మాస్టారు అనేవారు.

ఇదేమిటని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒక్కటే.

"ఎలాగూ మళ్ళీ తీసేదేగా!"

ఇంట్లో ఆయన భార్య నలభై ఏళ్ళు చెప్పిచూసి, చీమలతో వేగలేక, పంచదార డబ్బా అటక మీదకి ఎక్కించి నిచ్చెన పక్కింట్లో పెట్టుకుంది. మాస్టారు అటక తలుపు తెరిచి ఉంచారు గానీ, డబ్బా మాత్రం అందలేదు.

ఇలాంటి మనిషి చేతికి గ్రంథాలయం వాళ్ళు ఒక కంప్యూటరు అప్పజెప్పారు. ఫారాలు నింపుకునేవాళ్ళ కోసం పెట్టిన కంప్యూటరది. ఆర్నెల్లు తిరక్కుండానే ఫిర్యాదు వెళ్ళింది: 'బ్రౌజరు సరిగ్గా మూసుకోవడం లేదు.' రాసింది మాస్టారు కాదు, ఆయన కింద పనిచేసే సహాయకురాలు.

ఆ ఫిర్యాదు వచ్చింది కంప్యూటరమ్మాయికి. ఆ చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ రిపేర్లు చేసేది ఆమే. ఆమెకో పట్టుదల ఉండేది. పొద్దున తెరిచిన ఫిర్యాదు, పని ముగించి, సాయంత్రానికి మూసేయాలి. ఎక్కువ ఫిర్యాదులు మూసినవాళ్ళ పేర్లు వాళ్ళ ఆఫీసు గోడ మీద రాసేవారు. ఎనిమిది నెలలుగా మొదటి పేరు ఆమెదే.

ముందు ఫోన్లో చూద్దామనుకుంది.

"మాస్టారూ, పైన కుడివైపు మూలన గుణకారం గుర్తు ఉంది చూడండి. నొక్కండి."

"నొక్కానమ్మా."

"మూసుకుందా?"

"లేదు. ఏదో అడుగుతోంది."

"ఏమని?"

"వెళ్ళిపోతారా, ఉంటారా అని."

"వెళ్ళిపోతానని నొక్కండి."

"అంత మర్యాదగా అడుగుతుంటే వెళ్ళిపోతానని ఎలా అంటానమ్మా? ఉంటానన్నాను."

కంప్యూటరమ్మాయి నెత్తి కొట్టుకుంది. మూడు రోజులు ఇదే తంతు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టమంటే, "ఆపితే అలుగుతుందేమో, తిరుగుతోందిగా, తిరగనీ" అన్నారు. ఆ మాటలన్నీ ఆమె ఆఫీసులో అనుకరించి చూపించి అందర్నీ కడుపుబ్బ నవ్వించింది. అలా నవ్వించినందుకు తర్వాత చాలా నొచ్చుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం తనే వెళ్ళింది. మాస్టారు ఎదురొచ్చి, "ఎండన పడి వచ్చావు, ఉండమ్మా, టీ తెస్తాను" అని మూతలేని ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్ళారు. వెనక తలుపు వేయలేదని వేరే చెప్పాలా?

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ముప్ఫై ఒక్క ట్యాబులు! పెట్టె సలసలా కాగుతోంది. మూయబోతే అదే ప్రశ్న వచ్చింది: వెళ్ళిపోతారా, ఉంటారా? కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది. దాచని వివరాలు పోతాయని. ఆ వాక్యం ఆమె రోజుకి పదిసార్లు చూసేదే. అందుకే చదవలేదు. మాస్టారు తెరిచి మరిచిపోయిన చెత్త అనుకుంది. ఒక్క దెబ్బతో బ్రౌజరు పీక నొక్కేసింది. తెర తెల్లగా, శుభ్రంగా మెరిసింది.

మాస్టారు వచ్చారు. తెర చూశారు. టీ రెండు కప్పుల్లోనూ పోసి, జేబులన్నీ తడుముకుని, ఎక్కడి నుంచో ఒక మూత తీసి ఫ్లాస్కుకి బిగించారు.

సహాయకురాలు చేతిలో పుస్తకం జారవిడిచింది. ఆ ఫ్లాస్కుకి మూతంటూ ఒకటుందని పన్నెండేళ్ళుగా ఆమెకి తెలియదు.

"ఏమైంది మాస్టారూ?" అంది కంప్యూటరమ్మాయి.

"ఏం లేదమ్మా. నీ పని నువ్వు చేశావు. మూడింటికి ఇస్త్రీ అమ్మాయి వస్తుంది. దానికేం చెప్పాలా అని చూస్తున్నాను."

అప్పుడు బయటపడింది సంగతి. ఆ ట్యాబులన్నీ ఇంకెవరివో. బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి నర్సింగు చదువుకి దరఖాస్తు పెడుతోంది. పన్నెండు పేజీలు. సగంలో దాచుకునే వీలు ఆ ఫారానికి లేదు. ఆమెకి రోజూ దొరికేది పనికీ పనికీ మధ్య అరగంట. ఒంటి వేలితో తొమ్మిది రోజులుగా కొడుతోంది. తక్కినవాళ్ళూ అలాంటివాళ్ళే. మళ్ళీ తీసుకుంటారని మాస్టారు ఎవరిదీ మూయలేదు. ఇస్త్రీ అమ్మాయికి ఇదే ఆఖరి రోజు, అయిదింటి వరకే గడువు.

"నాకు ఫోన్లోనే చెప్పొచ్చుగా మాస్టారూ!"

"చెప్పేవాణ్ణే. నువ్వు హడావిడిలో ఉన్నావు కదమ్మా."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. గబగబా పాత ట్యాబులు వెనక్కి రప్పించింది. పేజీలైతే వచ్చాయి, గళ్ళన్నీ ఖాళీ. సరిగ్గా మూడింటికి ఇస్త్రీ అమ్మాయి వచ్చి ఖాళీ గళ్ళు చూసింది. తిట్టినా బాగుండేది. చేతిలో ఉన్న కాగితాల సంచి గుండెకి అదుముకుని, "పోనీలెండి, వచ్చే ఏడు చూస్తా" అంది.

"వచ్చే ఏడేమిటి, కూర్చో!" అంది కంప్యూటరమ్మాయి. "నేను కొడతాను. నువ్వు చెప్పు."

ఇస్త్రీ అమ్మాయి సంచిలో కాగితాలు వెతకబోయింది. చెప్పింది మాస్టారే. పక్కన నిలబడి ఆమె పుట్టిన తేదీ, చదివిన బడి, మార్కులు, సర్టిఫికెట్ల నంబర్లు, చిన్నప్పుడు వచ్చిన జబ్బులు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పారు. తొమ్మిది రోజులూ ఆయన ఆ కాగితాలు పట్టుకుని చదివిపెట్టారట. ఎక్కిందల్లా అలాగే ఉండిపోయింది. ఆయన బుర్రకీ మూత లేదు మరి.

"మాస్టారూ, ఈ ఫోన్ నంబరు గుర్తుందా?"

"ఉంది. నా నంబరే. ఈ పిల్లకి ఫోను లేదు."

నాలుగూ యాభై రెండుకి ఫారం వెళ్ళింది. ఇస్త్రీ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. కంప్యూటరమ్మాయి నవ్వలేకపోయింది. మాస్టారి మొహం చూడ్డానికి ఆమెకి మొహం చెల్లలేదు.

"క్షమించండి మాస్టారూ. ఒక్క లైను చదివి ఉంటే..."

"ఊరుకో అమ్మా" అంటూ ఆయన ఫ్లాస్కు మూత తీసి ఇంకాస్త టీ పోశారు. "పోయినవన్నీ ఎలాగూ మళ్ళీ తీసేదేగా!"

మూత మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

మరుసటి వారమంతా ఆమె రోజూ మూడింటికి వచ్చి, ఆయన చెబుతుంటే, వచ్చినవాళ్ళందరివీ తిరిగి కొట్టిపెట్టింది. ముప్ఫై పూర్తయ్యాయి. ఒక్కటి మిగిలింది. ఎవరో తను పోగొట్టుకున్న పట్టాకి నకలు కావాలని పెట్టుకుంటున్న దరఖాస్తది.

"ఇదెవరిది మాస్టారూ?"

"పేరు అడగలేదమ్మా. కళ్ళజోడు పెట్టుకున్నాయన. తీసెయ్యకండి, రేపొస్తానన్నాడు."

"ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలు. వస్తాడు. రేపొస్తానన్నాడుగా."

ఆ ఫారం ఆయన తనే నింపుకున్నాడు, అందులో ఏమేం రాశాడో ఇద్దరికీ తెలియదు. ఇప్పుడు తెలుసుకునే దారీ లేదు. ఆ ఒక్కటీ ఆమెని ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది. ఆ పేజీ ఖాళీగానే తెరిచి ఉంచారు.

వాళ్ళ ఆఫీసు గోడ మీద ఆమె పేరు రెండో వరసలోకి దిగిపోయింది. పై అధికారి పిలిచి అడిగాడు.

"గ్రంథాలయం వాళ్ళ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉందేమిటమ్మా? బ్రౌజరు బాగానే ఉందటగా. మూసేయ్."

ఆమె భుజాన సంచి సర్దుకుంది. దాని జిప్పు తెరిచే ఉంది.

"ఉండనివ్వండి సార్. ఎలాగూ మళ్ళీ తీసేదేగా!"