‘వ’ జారిన విల్లు

నలభై ఎనిమిదేళ్లు వచ్చాక మనిషికి మోకాళ్ల నొప్పులు రావాలి, లేదా భక్తి రావాలి. నాకు విల్లు పిచ్చి వచ్చింది. కాపురం వికారాబాద్‌లో, కొలువు తాండూరులో. పోనూ రానూ రైల్లో ఫోను చూడటం తప్ప వేరే పని లేదు. అందులో ఒకరోజు ఎవరో తెల్లగడ్డం ముసలాయన పలచటి చెక్క బద్దల్ని ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి విల్లు చేస్తున్నాడు. ధారూర్ దగ్గర మొదలుపెట్టిన వీడియో తాండూరులో దిగేదాకా చూశాను. దిగేసరికి నేనూ చేస్తానని తీర్మానించుకున్నాను. కాలేజీలో పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. స్థితిస్థాపకత మీద బోర్డు నిండా లెక్కలు వేశాను గానీ, ఒక్క పుల్లనైనా వంచి చూపించిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చుకోవాలనుకున్నాను. తీరా చేశాక బాణం ఎవరి మీద వేస్తావని అడిగి ఉంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా ఇంటామెకు కావలసింది ఇల్లు. పెళ్లయి పంతొమ్మిదేళ్లు, వికారాబాద్‌లోనే అయిదు అద్దె ఇళ్లు మారాం. ఒక ఇంట్లో గోడకు మేకు కొడితే ఓనరమ్మ పరుగెత్తుకొచ్చేది. ఇంకో ఇంట్లో మా చుట్టాలు రెండో రోజు కూడా ఉంటే నీళ్లు వదిలేవారు కాదు. ధారూర్ రోడ్డులో మాకో ప్లాటుంది. కొన్న కొత్తలో ప్రతి ఆదివారం నన్ను అక్కడికి లాక్కెళ్లి, వంటిల్లు ఇక్కడ, బోరు ఇక్కడ అంటూ చెప్పు కొనతో మట్టిలో గీతలు గీసేది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. తొందరపడొద్దు’ అని నేను జ్ఞానబోధ చేసేవాణ్ని. ఆ పెద్దలు సొంతింటి అరుగు మీద కూర్చునే ఆ మాట అని ఉంటారని ఆమె ఒకసారి అంది. రెండేళ్ల నుంచి అడగడమే మానేసింది. నేను దాన్ని మనశ్శాంతి అనుకున్నాను, నాకు బాగానే ఉండేది.

మా కాలేజీ వెనక సందులో ఒక వడ్రంగి షాపుంది. నడిపేది అరవై దాటిన ముస్లిం పెద్దాయన. సందులో అందరికీ ఆయన చాచా. దర్వాజాలు, కిటికీలు చేయడంలో తాండూరులో ఆయన తర్వాతే ఎవరైనా. సాయంత్రం ఆయన దగ్గరికి పోయి నా కోరిక చెప్పాను.

ఇక్కడ మా నోటి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ‘వి’ నాలుక మీద నిలవదు. వినడం ఇనడమవుతుంది, విడిచిపెట్టడం ఇడిచిపెట్టడమవుతుంది. క్లాసులో ఒత్తులు దీర్ఘాలు సరిగ్గా పలికే నేను కూడా బజారులో కాలు పెట్టగానే మా అమ్మ నేర్పిన నోటితోనే మాట్లాడతాను. నా మనసులో ఉన్నది విల్లు. చాచా చెవిలో పడింది ఇల్లు.

“ముబారక్ సార్! మస్తు మంచి మాట. ఎన్నొద్దుల సంది అనుకుంటున్నరు?”

“వారమైంది చాచా.”

“వారమేనా?” ఆయన చెక్క నునుపు చేసే రందా పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. “గిసుంటి పని బతుకుల ఒక్కసారి చేస్తం. జర సోంచాయించి, నిదానంగ చెయ్యాలె.”

ఆహా, ఈయన పనివాడు కాదు, కళాకారుడు అనుకున్నాను. అయినా ఏ అనుమానమూ మిగలకూడదని నాకు తెలిసిన ఉర్దూ కూడా బయటికి తీశాను. “గదే చాచా, కమాన్!”

ఉర్దూలో విల్లును కమాన్ అంటారు. నా దురదృష్టం కొద్దీ మా ఊళ్లలో గేటు మీద కట్టే వంపు తోరణాన్ని కూడా కమాన్ అనే అంటారు.

“అచ్ఛా! కమాన్ గూడ పెట్టిస్తరా? అయితే శాన్‌గ ఉంటది సార్,” అన్నాడు చాచా. అలా మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చేశాం. ఆయన తలలో మేడ లేచింది, నా తలలో బాణం దూసుకుపోయింది.

పని మొదలైంది. లోపలి వైపుకు తుమ్మ, నడుమ టేకు, బయటి వైపుకు వెదురు. తుమ్మా టేకూ చాచా చీల్చి ఇస్తానన్నాడు. వెదురు నేను బుట్టలల్లేవాళ్ల దగ్గర తెచ్చుకున్నాను. కాలేజీ అయ్యాక రోజూ ఒక గంట రందా పట్టేవాణ్ని. మొదటి వారంలో బద్దల కంటే నా వేళ్లే ఎక్కువ పలచబడ్డాయి.

ఒకరోజు ఫోను ఇంట్లో మరిచిపోయి రైలెక్కాను. ఆ రోజే చాచా ఫోన్ చేశాడు. ఇంటామె ఎత్తింది. “అమ్మా, సారుకు జర చెప్పుండ్రి. ఇల్లు కమాన్‌కు కట్టె సీల్చి పెట్టిన” అన్నాడట.

సాయంత్రం నేను గడప దాటేసరికి గారెల వాసన, నాటుకోడి కూర వాసన. ఆదివారం కాదు, పండగ కాదు. ఆమె నాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

“నిజమేనా?”

“ఏంది?”

“ఇల్లు సంగతి. చాచా చెప్పిండు.”

ఆమె నోట్లో కూడా ‘వి’ నిలవదని నాకు తెలుసు. దొరికిపోయాను రా దేవుడా అనుకున్నాను. “నీకు చెప్దామనే అనుకున్న. తిడ్తవేమోనని ఆగిన.”

“నేనెందుకు తిడ్త? పిచ్చోడా!” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నేను కరిగి నీరైపోయాను. మొగుడు విల్లు చేస్తానంటే ఆనందబాష్పాలు రాల్చే భార్య ఈ జిల్లాలో ఇంకెవరికుంది? ఆ గర్వంతో ఆరు గారెలు లాగించాను. ఏడోది నోట్లో ఉండగా ఆమె అడిగింది. “వంటిల్లు తూర్పు దిక్కుకేనా?”

గారె గొంతులో అడ్డం పడింది. సచ్చింది గొర్రె, చాచా విల్లంటే ఈమెకు ఇల్లని వినపడింది అనుకున్నాను. అప్పుడే చెప్పేయాల్సింది. ఒక్క అక్షరం చెబితే సరిపోయేది. కానీ ఆ మొహం చూశాక చెప్పలేకపోయాను. “సూద్దాం” అని నీళ్లు తాగాను.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మర్నాటి నుంచి ఇంట్లో ఇంటి పనులు మొదలయ్యాయి. పాత క్యాలెండరు కాగితం వెనక ప్లాను గీసింది. దేవుడి గదికి చోటు చాలక మూడుసార్లు చెరిపింది. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరమ్మతో, వచ్చే యేడు మీ ఇల్లు మీకే అని తల ఎత్తి చెప్పొచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ప్రతి రాత్రీ రేపు చెబుతాననుకునేవాణ్ని, పొద్దున్నే రైలు టైమైపోయేది. కొన్నాళ్లకు ఆమె గీతలు గీయడం ఆపింది. సాయంత్రం చెప్పులు విప్పుతుంటే మాత్రం ఒకే ప్రశ్న అడిగేది.

“ఇల్లు ఎంతదాంక వచ్చింది?”

“నడుస్తున్నది,” అనేవాణ్ని. అదొక్కటీ అబద్ధం కాదని నన్ను నేను మెచ్చుకునేవాణ్ని.

అక్కడ షాపులో బద్దలకు జిగురు పూసి, వంపు తిరిగిన అచ్చు మీద పెట్టి, పాత సైకిల్ ట్యూబుతో బిగించి చుట్టాను. చాచా చుట్టూ తిరిగి చూశాడు.

“ఇది నమూనానా సార్? అసలు కమాన్ సిమెంటుతోని పోస్తరా?”

“ఇదే అసలుది చాచా.”

“గింత సన్నగనా?”

“సన్నగుంటెనే గద వంగేది.”

“కమాన్ వంగొద్దు గద సార్?” అన్నాడు. నేను నవ్వాను. చదువుకున్నవాళ్లతో వాదన ఎందుకని ఆయన తన దర్వాజా దగ్గరికి వెళ్లిపోయాడు.

జిగురు ఆరింది. కొనల దగ్గర గాట్లు కోసి తాడు తగిలించిన రోజున చాచా చేతిలో ఉలి ఆగిపోయింది.

“కమాన్‌కు తాడెందుకు సార్?” అని ఒక్క క్షణం చూసి, “యా అల్లా! తీర్ కమాన్! బాణాలేసేదా?”

“మరి మొదటి నుంచి గదే గద చెప్తున్న! విల్లు!” అని ఈసారి ‘వి’ని ఒత్తి పలికాను.

“మీరు ఇల్లు అన్నరు సార్,” అన్నాడు. తర్వాత మొహం మారింది. “అమ్మకు ఏం చెప్పిన్రు?”

“ఇంక చెప్పలే.”

“ఎప్పుడు చెప్తరు?”

“ఇది అయినంక.”

చాచా మళ్లీ ఉలి పనిలో పడ్డాడు. “పిల్లలకు చదువు చెప్పేది మీరే గద సార్?” అని మాత్రం అడిగాడు.

విల్లు అతికించడం సగం పనే. అసలు పని దానికి వంగడం నేర్పడం. గోడకు పైనుంచి కిందికి గాట్లు పెట్టిన ఒక నిలువు చెక్క కొట్టి, దాని మీద విల్లు నడుము ఆనించి, తాడును మెల్లగా కిందికి లాగుతూ ఒక్కో గాటుకు తగిలించాలి. దూరం జరిగి రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయో లేదో చూడాలి. మొండికేసిన వైపు గాజు పెంకుతో గీకాలి. తేలిగ్గా వంగే వైపు జోలికి పోకూడదు, పోతే అక్కడే విరుగుతుంది. నాకు మాత్రం చేయి ఎప్పుడూ మెత్తటి వైపుకే పోయేది. గీకితే అక్కడ పొట్టు సులువుగా లేస్తుంది మరి. “గా దిక్కు ముట్టకుండ్రి సార్, అది ఎప్పుడో ఒప్పుకున్నది,” అని చాచా అరిచేవాడు.

అలా మూడు వారాలు గీకాను. చివరి ఆదివారం షాపులో తాడు ఆఖరి గాటుకు తగిలించబోతుంటే గుమ్మంలో నీడ పడింది. తల తిప్పితే మా ఇంటామె. చేతిలో టిఫిన్ డబ్బా. చెప్పాపెట్టకుండా రైలెక్కి వచ్చేసింది. చాచా లేచి కుర్చీ తుడిచి వేసి, ఎక్కడ లేని పని గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్లిపోయాడు.

“ఇల్లు సూద్దామని వచ్చిన,” అంది.

గోడ మీది విల్లు చూపించాను. “ఇదే,” అన్నాను.

ఆమె కూర్చోలేదు. గోడ దగ్గరికొచ్చి చూసింది. “పట్టుకోవాల్నా?” అని తాడు అందుకుంది. నేను దూరం జరిగాను. ఆమె లాగింది. విల్లు చప్పుడు లేకుండా వంగింది, రెండు రెక్కలూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. నా బతుకులో నేను చేతులతో సరిగ్గా చేసిన మొట్టమొదటి వస్తువు అది. ఎగిరి గంతేయాలి నిజానికి. పారిపోవాలనిపించింది.

మధ్యాహ్నం రైలు కోసం తాండూరు స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. గోనెసంచిలో చుట్టిన విల్లు నా ఒళ్లో ఉంది.

“మంచిగ చేసినవ్,” అంది.

“నీకు చెప్దామని...”

“నాకెప్పుడో తెలుసు. చాచా ఫోన్ చేసిన తొమ్మిదోనాడు ప్లాటు కాడికి పోయిన. కొబ్బరికాయ గూడ పట్టుకపోయిన. ఒక్క రాయి సుత కదల్లే, మేకలు మేస్తున్నయ్. ఇంటికొచ్చి నీ ఫోన్ సూస్తె అన్నీ గా బాణాల వీడియోలే.”

“మరి రోజూ అడుగుడేంది, ఎంతదాంక వచ్చిందని?”

“ఎన్నడు చెప్తవో సూద్దామని.”

పట్టాల అవతల బండల లారీ ఒకటి మెల్లగా పోయింది. అది కనుమరుగయ్యేదాకా దాన్నే చూశాను.

“తిట్టరాదు?” అన్నాను.

“తిట్టుడేముంది. ఎనిమిది దినాలు నిజమే అనుకున్న. గా ఎనిమిది దినాలు మస్తు మంచిగుండె.”

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. పంతొమ్మిదేళ్లలో నేను ఆమెకు ఇచ్చిన సంతోషం ఎనిమిది రోజులు, అదీ పొరపాటున. రైలు వస్తోందని మైకులో చెప్పారు.

“రేపు మేస్త్రిని పిలుస్త,” అన్నాను.

ఆమె డబ్బా తీసుకుని లేచింది.

“పిలిచినంక చెప్పు,” అంది.