పాలతో వేసిన గోళీ

ఈరోజు మొజంజాహీ మార్కెట్ దగ్గర నలుగురి ముందు నా భార్యను కసురుకున్నాను. తప్పు నాదేనని గంట తర్వాత తెలిసింది.

ఆమెకు రెండేళ్ళుగా పార్కిన్సన్స్. నాంపల్లిలో దవాఖానకు వెళ్తూ బత్తాయిల కోసం ఆటో దిగాం. పండ్ల దుకాణం ముందు ఆమె కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. చెయ్యి పట్టి లాగాను.

“జర కాళ్ళు లేపు. అందరు చూస్తున్రు.”

“లేపుతనే ఉన్న. అవి ఇంటలేవు.”

దుకాణదారు స్టూలు తెచ్చి వేశాడు. దాని మీద కూర్చుని, ఇక చర్చిలో పాడటానికి వెళ్ళనని మెల్లగా చెప్పింది. గుమ్మంలో ఇలాగే ఆగిపోతే వెనక వచ్చేవాళ్ళకు అడ్డమట. ముప్పై ఏళ్ళుగా ఆ కాయిర్‌లో ఆమె గొంతు ఉంది. అయినా నేను బత్తాయిలు ఏరుతూనే ఉన్నాను.

దవాఖానలో, గోళీలు దేనితో వేస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. పాలతో అని కొంచెం గర్వంగానే చెప్పాను. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని, నెలరోజులుగా పెద్ద గ్లాసెడు పాలు దగ్గరుండి తాగిస్తున్నాను. నా భార్య వద్దన్నా వినలేదు. డాక్టరమ్మ రాయడం ఆపింది.

“పాలల్ల ప్రోటీను ఉంటది కదండి. దానికీ, ఈ మందుకూ లోపలికి పోయే దారి ఒక్కటే. పాలు ముందు దూరితే మందు బయటనే నిలవడ్తది.”

అబిడ్స్‌లో ఎలక్ట్రికల్ దుకాణం నడిపినవాణ్ణి. నరం అంటే నాకు వైరే. నరాల బలహీనత అంటే కరెంటు తగ్గడం. డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది: ఒక నాడీకణం, పక్కన ఇంకొకటి, నడుమ సన్నని ఖాళీ. అలాంటి జాయింటు చూస్తే పనివాణ్ణి తిట్టేవాణ్ణి. ఇక్కడ ఆ ఖాళీ ఉండాల్సిందేనట. కణం వెంట విద్యుత్తుగా వచ్చిన కబురు దాని చివర ఆగుతుంది. అక్కడి చిన్న సంచులు తెరుచుకుని రసాయనం ఖాళీలోకి ఒలుకుతుంది. అది అవతలి కణం మీద తనకు సరిపడే చోట కూర్చుంటే కబురు అందినట్టు. తర్వాత పంపిన కణమే దాన్ని చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. ఇదంతా ఎంతసేపట్లో అని అడిగాను.

“మీరు గీ మాట అడిగేలోపల లెక్కలేనన్నిసార్లు.”

నా భార్యకు కొరతపడినది అలాంటి రసాయనమే, డోపమైన్. గోళీలోని మందు మెదడుకు చేరి డోపమైన్‌గా మారాలి. దాన్ని నేను దారిలో అడ్డుకున్నాను. కబురే అందని కాళ్ళు ఎలా వింటాయి?

గోళీ మంచినీళ్ళతో, తిండికి గంట ముందు వేయమంది డాక్టరమ్మ. నేల మీద అడ్డగీతలు కనిపిస్తే, వాటిని దాటే ప్రయత్నంలో ఆగిన కాలు కదులుతుందని కూడా చెప్పింది. ఎందుకని అడిగితే, మెదడు ఇంకో దారి వెతుక్కుంటుందేమో, పూర్తిగా తెలియదంది.

తిరిగి వస్తూ ఆటోలో నా తప్పు ఒప్పుకున్నాను. గన్‌ఫౌండ్రీ దాటాక ఆమె నా వైపు తిరిగింది.

“డాక్టరు చెప్తె ఇన్నరు. నెల నుంచి నేను మొత్తుకున్నది?”



సాయంత్రం ఆమెను బతిమాలి చర్చికి తీసుకెళ్ళాను. పాస్టరుగారి అనుమతితో గుమ్మం నుంచి కాయిర్ బెంచీ దాకా తెల్ల టేపు ముక్కలు అడ్డంగా అంటించాను. ఆమె రెండు గీతలు దాటి ఆగింది.

“గివి మీ అడుగులు.”

అన్నీ పీకేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె అడుగు కొలతకు మళ్ళీ దగ్గర దగ్గరగా అంటించాను.