ఆవకాయకు ఎంత ఉప్పు

భీమడోలు ఉమామహేశ్వరి దగ్గర పాతవీ కొత్తవీ కలిపి నలభై వంటల పుస్తకాలున్నాయి. ఈసారి ఆవకాయకు, ఏలూరులో కొన్న పాత పుస్తకం తెరిచింది. అందులో ఉప్పు ఒక సోల అని ఉంది. ఏ ఉప్పో లేదు. సోలెడు కల్లుప్పు కంటే సోలెడు మెత్తటి ఉప్పు ఎక్కువ తూగింది. తగ్గితే ఏడాది పచ్చడీ బూజు పడుతుంది, ఎక్కువైతే ఎవరూ తినరు.

“నలభై పుస్తకాలుండీ ఉప్పు తెలియలేదా?” అన్నాడు భర్త ఈశ్వరరావు.

“నలభై ఉన్నందుకే తెలియట్లేదండీ.”

చివరికి కల్లుప్పే దంచి, సోలకు కాస్త తక్కువ వేసింది. మూడో రోజు తిరగగలిపి, రుచి చూసి, చేత్తో మరికాస్త చల్లింది. కుదిరింది.

“ఎంత వేశావో పుస్తకంలో రాసుకో,” అన్నాడు ఈశ్వరరావు.

ఆమె పెన్సిలు తీసి ఆగిపోయింది.

“ఎంత వేశానో చూసుకోలేదండీ.”