ఖంపున్ పెద్దమ్మ గంజాయి కుండీలు

ఖంపున్ పెద్దమ్మ చేయి పడితే ఎండుకట్టె అయినా చిగురిస్తుందని మా ఊళ్లో పేరు. ఆ పేరు కాస్తా గంజాయి దగ్గర పోయింది.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక మునగచెట్టు, నాలుగు కోళ్లు, అంతే. ఊరి ఆరోగ్య కార్యకర్తను నేను. పెద్దమ్మ భర్త ఖేన్ పెద్దనాన్నకు బీపీ చూడడం, మాత్రలు వేసుకున్నాడో లేదో అడగడం నా పని. ఆ వానాకాలమంతా వాళ్లింట్లో జరిగింది నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నోరు ఊరుకోక అన్నిట్లోనూ వేలు పెట్టాను కూడా.

పెద్దనాన్న వడ్రంగి. మా ఊరి ధాన్యం కొట్లలో సగం ఆయన కట్టినవే. జబ్బు ఎముకల్లోకి పాకిందని, ఇక ఇంట్లోనే చూసుకోండని జిల్లా ఆసుపత్రి వాళ్లు పంపేశారు. నొప్పికి మాత్రలిచ్చారు. నొప్పి తగ్గేది గాని నిద్ర పట్టేది కాదు. రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకునేవాడు, పగలు ఆ నీరసంతో ముద్ద ముట్టేవాడు కాదు. చచ్చిపోతానన్న దిగులు ఆయనకు లేదు.

"పోయేలోపు ఒక్క రాత్రి ఒళ్లు మరిచి పడుకోవాలి మాలై. అంతకు మించి నాకేం వద్దు" అనేవాడు నాతో.

పెద్దమ్మ ఆ మాట వింటూ వక్క దంచుకునేది. అప్పుడు దంపుడు ఇంకాస్త గట్టిగా పడేది.

పక్క ఊళ్లో మూన్ వైద్యుడని ఉన్నాడు. గంజాయి పువ్వు, మిరియాలు, జాజికాయ, ఇంకేవో వేర్లు కలిపి నూరి తేనెతో ఇస్తాడు, నిద్ర కోసం. ఆసుపత్రి డాక్టరమ్మను అడిగితే, "మానమనను, ఏం ఇస్తున్నారో ఎంత ఇస్తున్నారో నాకు చెప్పి ఇవ్వండి" అంది. టౌన్లో కొన్న పువ్వు పెద్దమ్మ పట్టుకెళ్తే మూన్ వైద్యుడు వాసన చూసి పక్కన పెట్టేశాడు.

"ఏం మందులు కొట్టి పెంచారో ఎవరికి తెలుసు తల్లీ. మీ ఇంట్లో పెంచింది పట్టుకురా. ఒకటే మాట, బూజు ఉండకూడదు. గట్టి మనిషైతే తట్టుకుంటాడు. మీ ఆయన ఒంట్లో ఏముందని? బూజు పట్టింది పెడితే మందు కాదు, విషం పెట్టినట్టు" అన్నాడు.

మా దేశంలో గంజాయి ఇంట్లో పెంచుకోవచ్చని సర్కారు చెప్పిన మొదటి ఏడాది అది. ఫోన్లో నమోదు చేసుకోవాలంటే పెద్దమ్మ తరఫున నేనే చేసిపెట్టాను. నిజం చెప్పాలంటే నాకు ఇష్టం లేదు. టౌన్లో సందుకొక కొట్టు, ఆకుపచ్చ దీపాలు, ఎర్రకళ్లేసుకుని కూర్చునే కుర్రకారు. చూస్తేనే ఒళ్లు మండేది. అదే మాట అంటే పెద్దమ్మ నవ్వింది.

"మా అమ్మ కోడిపులుసులో నాలుగాకులు వేసేదే. మధ్యలో ఎవరో వచ్చి పీకేయమన్నారు, పీకాం. ఇప్పుడు నాటుకోమంటున్నారు, నాటుతున్నాం. చెట్టేం పాపం చేసింది?"

వరి పండించేవాళ్లకు మట్టి అంటే పొలం మట్టే. మంచి మడిలోంచి నల్లటి బంకమట్టి తెచ్చి కుండీలు నింపింది పెద్దమ్మ. నీళ్లు పట్టి ఉంచే మట్టి అంటే మాకు బంగారమే మరి. గింజలు మొలిచాయి, జానెడు లేచాయి. తర్వాత ఆకులు పసుపు తిరిగి తలలు వాల్చేశాయి. పీకి చూస్తే వేర్లు కుళ్లిన కంపు.

లోపల చాప మీద నుంచి పెద్దనాన్న అరిచాడు. "మడి కట్టి నాట్లేస్తే గంజాయి పండుతుందటే? ఇంకాస్త నీళ్లు పెట్టు, చేపలు కూడా పట్టుకోవచ్చు!"

"నువ్వు నోరు మూసుకుని పడుకో."

"పడుకోలేకే కదే ఈ తంటా!"

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండోసారి పెద్దమ్మ పుట్టమన్ను పెట్టాలనుకుంది. చేలో పెద్ద పుట్ట ఒకటి ఉంది. పుట్టలో ఉండే పెద్దలను అడగకుండా గడ్డపార వేయకూడదు. రెండు పువ్వులు, ఒక కొవ్వొత్తి, జిగురన్నం ముద్ద పట్టుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. ఇలాంటివి నేను పెద్దగా నమ్మను. అయినా పక్కనే నిలబడి చేతులు జోడించాను, పోయేదేముంది.

పుట్టమన్ను పొడి చేసి, నిద్రగన్నేరు చెట్టు కింద మాగిన ఆకు, మాడ్చిన వరి ఊక, ఎండుపేడ కలిపింది. గుప్పెట పడితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అలా కుదిరేదాకా ఊక వేస్తూనే ఉంది. ఈసారి మొక్కలు ఏపుగా లేచాయి. నడుమెత్తు వచ్చాక మగ మొక్కలను గుర్తుపట్టి పీకేసింది, లేకపోతే పువ్వంతా గింజ పట్టిపోతుంది.

"ఇంట్లో పనికిరాని మగాడు ఒకడు చాలు" అంది, లోపలికి వినపడేలా.

"నన్నెప్పుడు పీకుతావే?"

"నిన్ను పీకడం నా వల్ల కాదయ్యా. వేరు బాగా లోపలికి దిగింది."

మిగిలినవి ఆరు కుండీలు. పువ్వు కట్టే సమయానికి వాన రోజూ పడుతూనే ఉంది. ఒత్తుగా కట్టిన పువ్వు లోపల తడి నిలిస్తే చాలు, బూజు పుడుతుంది. పైకి ఒక్క ఆకు వాడినట్టుంటుంది, విప్పి చూస్తే లోపలంతా బూడిద. పెద్దమ్మ దారం కత్తెరను నాటుసారాతో తుడిచి, ఆ ముక్క కోసి, మళ్లీ తుడిచేది. గాలి ఆడాలని కింది ఆకులన్నీ దూసేసింది. మబ్బు పడితే ఇద్దరం కుండీలు మోసుకొచ్చి, గుంజల మీద నిలబడ్డ ఇంటి కింద పెట్టేవాళ్లం. తెరిపి ఇస్తే మళ్లీ బయటికి. నా నడుము పడిపోయింది. ఒకసారి అక్కడే కట్టేసిన ఆవు మెడ చాచి రెండు కొమ్మలు మేసింది. ఆ సాయంత్రం అది ఎంత తోలినా కదలకుండా గోడను చూస్తూ నిలబడితే, పెద్దనాన్న కిటికీలోంచి చూసి, "దానికిచ్చిన మందు నాకివ్వరే!" అన్నాడు.

ముందుగా ముదిరిన రెండు మొక్కలు కోసింది. ఒక్క మచ్చ లేదు. వంటింటి దూలానికి తలకిందులుగా వేలాడదీసింది. ఆ దూలానికే చేపలు, వెల్లుల్లి, విత్తనం మొక్కజొన్న, మిరపకాయలు అన్నీ ఎండుతాయి. వాళ్ల అత్త కాలం నుంచీ అక్కడ ఎండనిదంటూ లేదు. పైపైన పెళపెళలాడాక దించి డబ్బాకెత్తి వైద్యుడి దగ్గరికి పట్టుకెళ్లింది. మూన్ వైద్యుడు మూత తీసి, ఒక పువ్వు విరిచి చూపించాడు. లోపల తెల్లటి నూగు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ, "పుట్టకు కోపం వచ్చింది. ముద్ద చిన్నది పెట్టాను" అంది.

"కొన్న మట్టి పెడితే అయిపోయేదిగా పెద్దమ్మా. సంచుల్లో దొరుకుతుంది" అన్నాను.

"సంచిలో మట్టికి ఎవర్ని అడుగుతావే?"

మళ్లీ పుట్ట దగ్గరికెళ్లాం. ఈసారి ముద్ద కొబ్బరికాయంత. మరో రెండు మొక్కలు కోసి, అదే దూలానికి ఇంకాస్త ఎడంగా కట్టింది. మళ్లీ అదే తెల్ల నూగు.

రెండంటే రెండే కుండీలు మిగిలాయి. పెద్దనాన్న బుగ్గలు లోపలికి పోయాయి. బీపీ పట్టీ చుట్టాలంటే చేతి మీద నిలవక జారిపోయేది. ఇంకోసారి గింజ వేసి పెంచేంత వ్యవధి ఆయనకు లేదని నాకు తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. ఆ రోజుల్లో ఆ కుండీలను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అసలు సంగతి కనిపెట్టింది పెద్దనాన్నే. ఆయన చాప మీద నుంచి చూస్తే వసారా అవతల వంటిల్లు తిన్నగా కనిపిస్తుంది. తెల్లవారుజామున పెద్దమ్మ పొయ్యి రాజేసి, మెడ సన్నటి కుండ మీద వెదురు బుట్ట పెట్టి జిగురు బియ్యం ఆవిరి పడుతుంది. ముందు రోజూ భిక్షకొచ్చే బౌద్ధ సాధువులకు, తర్వాత ఇంటికి. పెళ్లయి ఆ ఇంట అడుగుపెట్టిన మర్నాటి నుంచీ ఒక్క పొద్దు తప్పలేదు. ఊళ్లో అందరిళ్లలోనూ జరిగేదే కాబట్టి దాన్ని మేమెవరం చూడం. నిద్రపట్టని మనిషి మాత్రం రోజూ చూశాడు. ఒక ఉదయం నేను మెట్లెక్కేసరికి పెద్దమ్మను పిలిచి చెబుతున్నాడు.

"పుట్టనెందుకే ఆడిపోసుకుంటావు? నీ బుట్టలోంచి లేచే ఆవిరి ఎటు పోతోందో చూడు. తిన్నగా దూలానికే. పగలంతా ఆరడం, పొద్దున్నే నువ్వు మళ్లీ తడపడం. మిరపకాయైతే తట్టుకుంటుంది, చేపకు ఉప్పుంటుంది. పువ్వుకేముంది?"

పెద్దమ్మ పొయ్యి వైపు చూసింది, దూలం వైపు చూసింది. ఈత చాప మీద కూలబడింది. "మరి ఇన్నాళ్లూ చూస్తూ పడుకుని ఇప్పుడా చెప్పేది?"

"ఇవాళే తట్టిందే నాకు కూడా."

ఎక్కడ ఆరబెట్టాలన్నది తేలలేదు. ధాన్యం కొట్టులో కట్టమన్నాడు పెద్దనాన్న. గాలి బాగా ఆడుతుంది, చుక్క నీరు దిగదు, తను కట్టిందే. పెద్దమ్మ చెవులు మూసుకుంది.

"వరి తల్లి ఉండే ఇల్లది! అందులో గంజాయా?"

"తల్లికి నేను పడుకోవడం ఇష్టం లేదా?"

"ఇష్టమే అనుకో. అష్టమికి, పున్నమికి, అమావాస్యకి కొట్టు తలుపు తీయకూడదు కదా. రోజూ తిప్పి చూసుకోవాలి వీటిని. తలుపు మూసున్న రోజు బూజు కూడా సెలవు తీసుకుంటుందా?"

పెద్దనాన్న గోడ వైపు ఒత్తిగిలాడు.

చివరికి నేనే అన్నాను. "పెద్దమ్మా, ఆయన పడుకునే గదిలోనే కట్టు. అక్కడ పొయ్యి లేదు, ఫ్యాను ఉంది. అన్నం మా ఇంట్లో వండుకో. వసారాలోంచి కూడా ఆవిరి రాదు."

ఆ మాట అన్నందుకు నా వంటిల్లు పోయింది. తెల్లారకముందే బుట్ట, నానిన బియ్యం పట్టుకుని గొడుగేసుకుని వచ్చేది పెద్దమ్మ. నా పొయ్యి దగ్గర కూర్చుని నా కట్టెలకు పేర్లు పెట్టేది, నా కుండకు పేర్లు పెట్టేది. "ఇది పొయ్యా, పిల్లి పడుకునే గుంటా?" అనేది. వండిన అన్నం మోసుకుని తన గుమ్మం ముందుకే వెళ్లి సాధువులకు వేసేది. నా గుమ్మంలో వేస్తే పుణ్యం నాకు పోతుందట. నా కట్టెలకు మాత్రం ఏ పుణ్యమూ లేదు.

చివరి రెండు మొక్కలు దోమతెర కట్టే తాళ్లకు వేలాడాయి. పెద్దనాన్న వాటి కింద పడుకుని కాపలా కాసేవాడు. ఫ్యాను ఎటు తిప్పాలో, ఏ కొమ్మ పక్కదానికి తగులుతోందో చాప మీద నుంచే చెప్పేవాడు. చేయడానికి ఒక పని దొరికేసరికి గొంతులో కాస్త వడ్రంగి అధికారం కూడా వచ్చింది. కొమ్మ వంచితే టక్కున విరిగిన రోజున దించాం.

మూన్ వైద్యుడు పువ్వు విరిచి చూశాడు, వాసన చూశాడు, ఎండలోకి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. ఆ పువ్వు పట్టుకుని నూరుడురాయి ముందు కూర్చున్నాడు. ఎంత ఇవ్వాలో నాకు చెప్పాడు. నేను డాక్టరమ్మకు ఫోన్లో చెప్పి సరే అనిపించుకున్నాను. ఆ సాయంత్రం తేనెతో నాకించాం.

మర్నాడు తెల్లవారుజామున పొయ్యి రాజేసి కూర్చున్నాను. కుండలో నీళ్లు మరిగాయి. పెద్దమ్మ రాలేదు. వాన లేదు, కోళ్లు దిగాయి, వీధి చివర సాధువుల రాకకు గుడి డోలు కూడా మోగింది. ఆ మనిషి రాలేదు. మందు ఎక్కువైందా, నేనే తప్పు విన్నానా అనుకుంటూ కుండ పొయ్యి మీదే వదిలేసి చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. నన్ను చూడగానే పెదాల మీద వేలు పెట్టింది.

"ఏమైంది?" అన్నాను.

"పడుకున్నాడు" అంది గుసగుసగా. "రాత్రి అన్నం తిన్నాక వాలినవాడు వాలినట్టే ఉన్నాడు. గురక కూడా. మెట్లు దిగితే కిర్రుమంటాయే, అందుకే ఇక్కడే కూర్చుండిపోయాను."

నేను పైకి వెళ్లి తలుపు సందులోంచి చూశాను. నోరు తెరుచుకుని, చేయి చాప దాటి నేల మీద పడేసి, చిన్నపిల్లాడిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ చక్కగా లేచి పడుతోంది. నాడి చూడాలనిపించింది గాని లేస్తాడని చూడలేదు.

కిందికి వచ్చేసరికి సాధువులు గుమ్మం ముందుకు వచ్చేశారు. పెద్దమ్మ లేచి వెళ్లి దారి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చేతిలో అన్నం బుట్ట లేదు. ఖాళీ చేతులు జోడించింది. ముందు నడిచే ముసలి సాధువు భిక్షాపాత్ర మూత తీయబోయి ఆగాడు. ఆమె గుమ్మంలో పాత్ర నిండకపోవడం ఆయన కూడా ఎరగడు.

"ఇవాళ వండలేదు స్వామీ. మన్నించండి. ఆయన నిద్రపోతున్నాడు" అంది పెద్దమ్మ.

ఆయన తలెత్తి ఇంటి వైపు చూశాడు. మూత వేసేశాడు. రోజూ గట్టిగా చదివే దీవెన చదవలేదు. వెనకవాళ్ల వైపు తిరిగి చేయి కిందికి ఊపాడు, మెల్లగా అన్నట్టు. వట్టి కాళ్లతో నడిచేవాళ్లే అయినా కంకర లేని అంచు చూసుకుని ఒక్కొక్కరే ఇల్లు దాటారు.

పెద్దమ్మ అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. పక్కన కూర్చుని భుజం మీద చేయి వేశాను. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కాసేపటికి దాన్ని తీసి నా చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగా ఏడుద్దామన్నా లేదు చూడవే" అంది.