వెండి పట్టీకి ఉప్పునీళ్లు

సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటాలో కాపురముండే లోవలక్ష్మికి రెండేళ్లుగా ఒకటే పని, మొగుడి కుడికాలు కడగడం. అనకాపల్లి వైపు నుంచి ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని ఏడ్చిన రోజులున్నాయి. కడగని రోజు మాత్రం లేదు.

ఎల్లాజీ కాల్‌సెంటర్ పిల్లల్ని ఎక్కించి దించే సుమో నడిపేవాడు. ఊరి నిండా అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. డ్రైవరుకీ నిద్ర కావాలని ఎవరికీ తోచని రోజులు కూడా. ఒక తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దేశాడు. విరిగిన ఎముకలో స్టీలు రాడ్డు వేశారు. ఎముక అతికింది గానీ పుండు మానలేదు. మాత్రలు మింగినన్నాళ్లు చీము ఆగేది, ఆపగానే మళ్లీ మొదలయ్యేది. రాడ్డు తీసేసినా అంతే.

కొత్తగా చూపించుకున్న ఎముకల డాక్టరు విష్ణువర్ధన్ విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. నీళ్ల డ్రమ్ము లోపల పాచి పట్టినట్టు, క్రిములు ఎముక మీద జిగురుపొర కట్టుకుని దాని చాటున బతుకుతున్నాయట. మాత్రలు ఆ పొర దాటలేకపోతున్నాయట. ఎముకను గీకి శుభ్రం చేసి, కంటికి ఆనని వెండి నానో రేణువులు అద్దిన పట్టీలు వేసి చూద్దామన్నాడు. తడి తగిలితే వెండి కొంచెం కొంచెంగా కరిగి ఆ పొరలోకి దిగుతుందట. రెండు వారాల్లో తగ్గకపోతే మోకాలి కింద కాలు తీసేయక తప్పదన్నాడు. కుడికాలు లేని డ్రైవరుకి బండి తాళం ఎవడిస్తాడు?

ఎముక గీకి మొదటి పట్టీ వేశాక, మార్చడానికి మూడు రోజులకోసారి రమ్మన్నారు. ఈలోగా అది ఎండిపోకుండా పూటపూటా తడపమని శుద్ధిచేసిన నీళ్ల సీసాలు ఇచ్చి పంపారు.

పుండుకి పచ్చినీళ్లు తగిలితే చీము పడుతుందని లోవలక్ష్మి పుట్టింట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకని ఆమె సీసా నీళ్లు కాచి, అందులో రాళ్లుప్పు కరిగించి, చల్లార్చి పోసింది. ఆ ముక్క డాక్టరుకి చెప్పాలని తోచలేదు. అన్నం వండేటప్పుడు ఎసరు పెట్టామని ఎవరైనా చెప్పుకుంటారా? ఒక్క పూట తప్పకుండా పన్నెండు రోజులు పోసింది.

పదమూడో రోజు ఎల్లాజీ ఒళ్లు కాలిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చి చేర్పించింది. ఇన్నాళ్లూ నర్సులే విప్పి పారేసిన పట్టీని ఈసారి డాక్టరే విప్పి, దాని మీద పేరుకున్న తెల్లటి పొడిని చూసి, ఏ నీళ్లు పోశావని అడిగాడు. ఆమె కాస్త గర్వంగానే చెప్పింది.

"ఉప్పు తగిలితే వెండి అక్కడే గడ్డకట్టిపోతుందమ్మా, లోపలికి దిగదు. ఉప్పు వద్దని నేను ముందే చెప్పాల్సింది," అన్నాడాయన.

ఇంకా మిగిలిన పట్టీలున్నాయి కదా, ఈసారి ఉట్టినీళ్లే పోస్తానని ఆయన కాళ్ల మీద పడింది. విషం రక్తంలోకి ఎక్కింది, ఇప్పుడే కాలు తీయకపోతే మనిషే దక్కడని ఆయన ఆమెను లేవనెత్తాడు. ఉప్పు వెయ్యకపోతే కాలు నిలిచేదా అంటే, చెప్పలేనన్నాడు. అవునన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది.

నర్సు మేబెల్ ఆపరేషన్ కాగితం తెచ్చి, "జెర జల్ది సంతకం పెట్టమ్మా, థియేటర్‌ల ఎదురుచూస్తున్రు," అంది. లోవలక్ష్మి ఆ కాగితం పట్టుకుని మొగుడి మంచం దగ్గరికి వెళ్లింది.

"నీ కాలు నానే తీయించేసినాను మావా. ఆ నీళ్లల్లో ఉప్పేసినాను."

ఎల్లాజీ కళ్లు తెరిచాడు.

"ఉప్పని నాకు తెల్దేటే? పోసినప్పుడల్లా మండేది. మండితే మందు పన్జేస్తన్నాదనుకున్నాను. పట్టీ మార్చినప్పుడల్లా డాక్టరు మంటుందా అని అడిగీవోడు. మంటుందంటే ఆపేస్తాడని, లేదని సెప్పినాను."

ఆమెకు కోపం వచ్చింది. ఆ వెంటనే ఎవరి మీద కోపమో తెలియక నీరుగారిపోయింది. కాగితం మీద కూడబలుక్కుంటూ పేరు రాసి మేబెల్‌కి ఇచ్చింది. స్ట్రెచర్ వచ్చేదాకా, కాలిపోతున్న ఆ కాలి పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.