చెల్లెలికి పెట్టిన కలెపండ్లు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

నాలుగేళ్ళ క్రితం ఎండాకాలంలో, పెద్దమందడి దగ్గర మా ఊళ్ళో, ఎనిమిదేళ్ళ మా చెల్లెలు చెన్నమ్మకు అమ్మవారు పోసింది. గడపకు వేపమండలు కట్టారు. నోరు ఎండిపోతోందని, గుట్ట మీద కాసే పుల్లటి కలెపండ్లు కావాలని అది ఒకటే ఏడుపు.

"ఒక్కటి పెడ్తె ఏమైతది నాయనమ్మా?" అని భయంభయంగా అడిగాను.

"అమ్మవారు పోసినప్పుడు పులుపు పెడ్తరానే! తల్లి కోపం చేస్తది. నీ పుస్తకాల్ల గిట్ల రాసిండ్రా ఏంది?" అని కసిరింది.

మరునాడు మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే గుట్టకు పరుగెత్తాను. చేలకు కంచెగా నరికి వేసే కలె ముళ్ళపొదలోకి మోచేతుల దాకా చేతులు దూర్చాను. నల్లగా మాగినవి మూడే దొరికాయి. కొంగులో దాచి తెచ్చి, చెల్లెలికి రెండు తినిపించాను.

ఆ తరువాత దానికి స్మారకం తప్పింది. తెల్లవారేసరికి పోయింది.

"ఇంట్ల ఎవరో తప్పు చేసిండ్రు. అందుకే తల్లి తీసుకపోయింది" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. నేను రవిక పొడుగు చేతులు కిందికి లాక్కుని ముళ్ళ గీతలు దాచుకున్నాను.

కలెపండు దాహం తీరుస్తుందని మొన్న ఒక వైద్యగ్రంథంలో చదివాను. అయినా మనసు కుదుటపడలేదు. ఆనాడు మూడో పండు నోటికి అందించబోతే, చెల్లెలు నా చేతులు చూసి అన్న చివరి మాటే వినిపిస్తుంది:

"ఇది నువ్వు తినక్కా. ముండ్లు ఎంతగనం గీరుకున్నయో!"