ఓబులేసు సారు కొబ్బరికాయలు, నేను తుడవని హిస్టరీ

పోయిన వారం కడపలో మా వీధి చివర బోరు వేశారు. బండి నడుస్తున్నంతసేపూ లోపలి రాయి పిండై పైకి ఎగజిమ్మి, మా దండెం మీది బట్టల్నీ గుమ్మాన్నీ తెల్లగా చేసింది. ఆ పొడి తడిసినప్పుడు పలక తుడిచిన గుడ్డ వాసన వస్తుంది. నేను ఆ వాసన దగ్గర నిలబడి ఉండగా, పక్కింటి కుర్రాడు తన స్నేహితుడికి ఒక కథ చెప్తున్నాడు. మైదుకూరులో ఓబులేసు సారని ఒకాయన ఉండేవాడట. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేలో నడిస్తే, నీళ్లున్న చోట కాయ లేచి నిలబడేదట. వినగానే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన చేతిలో కొబ్బరికాయ ఉన్న మాట నిజమే. ఆ కాయ మీద ఏం రాసి ఉండేదో తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. నేను రాసిపెట్టకపోతే ఆ కాయ ఇంకో పదేళ్లకు మాట్లాడటం కూడా మొదలుపెడుతుంది. అందుకే ఈ నాలుగు పేజీలు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసి మైదుకూరులో ఇంటి దగ్గర ఉన్నాను. ఆపింది కాలేజీనే గాని చదువును కాదని నా గట్టి నమ్మకం. గ్రంథాలయంలో కంప్యూటర్ల గురించి తెలుగులో ఉన్న ఒకే ఒక పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. దానికి చివరి పదహారు పేజీలు లేవు. ఉన్న పేజీలు మాత్రం నాకు నోటికి వచ్చు. ఆ ధైర్యంతోనే కడప రోడ్డు మీద, ఎరువుల అంగడి పైన ఉన్న ఓబులేసు సారు ఆఫీసుకు వెళ్లి ఉద్యోగం అడిగాను. ఆయన భూగర్భ శాస్త్రం చదివి, సర్కారు కొలువు చేసి విరమించిన మనిషి. రైతుల చేలల్లో భూమిలోకి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పారుతుందో మీటరుతో కొలిచి, బోరు ఎక్కడ వేయాలో చెప్పేవారు. కంప్యూటరు వచ్చునా అని అడిగితే, పుస్తకంలోని మొదటి అధ్యాయం ఆపకుండా అప్పజెప్పాను. ఆయన చెయ్యెత్తి, "సాల్లేమ్మా, రేపు రా. మిగిలిన పుస్తకం ఆ కంప్యూటరుకే చెప్పుదువు" అన్నారు.

కొబ్బరికాయ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. మీటరు ఎంత చెప్పినా, చేతిలో కాయ లేనివాడి మాట మీద రైతు బోరు వేయడు. సారు మొదట్లో వాదించారట. తర్వాత విసిగి, ఒక చేత్తో మీటరు, ఇంకో చేత్తో పీచు వలిచిన కాయ పట్టుకొని పోవడం మొదలుపెట్టారు. చేతిలో ఎలాగూ ఉందిగదా అని కొలతలన్నీ ఆ కాయ మీదే స్కెచ్ పెన్నుతో రాసుకునేవారు. నోటుపుస్తకం బస్సులో పోతుందట, కాయను మాత్రం ఎవరూ మర్చిపోరట. సాయంత్రం ఆఫీసుకు వచ్చి కాయను చేతిలో తిప్పుతూ చదువుతుంటే నేను కంప్యూటర్లో కొట్టేదాన్ని. ఎక్కించడం అయిపోయాక కాయను నా చేతికిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మనేవారు. అలా కడప జిల్లా భూగర్భ జలాల అసలు రికార్డంతా మా ఇంట్లో చట్నీ అయింది.

ఆ కంప్యూటర్లో బొమ్మలూ కిటికీలూ ఉండవు. నల్లటి తెర, దాని మీద మినుకుమనే ఒక గీత. అక్కడ మాట కొట్టి ఎంటర్ నొక్కితే జవాబు వస్తుంది. సారు మేనల్లుడు సుధాకర్ బెంగళూరు నుంచి వచ్చి ఈ ప్రోగ్రాము రాసిపెట్టాడు. "చేర్చు" అని పేరూ కొలతలూ కొడితే రికార్డు ఎక్కుతుంది, "చూపు" అంటే కనిపిస్తుంది, "తుడువు" అంటే పోతుంది. తనకు తెలియని మాట ఏది కొట్టినా, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది. పైబాణం కీ నొక్కితే అంతకుముందు కొట్టిన మాటలు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. దాన్నే హిస్టరీ అంటారు. మొదట్లో కరెంటు పోగానే ఆ హిస్టరీ కూడా పోయేది. మైదుకూరులో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో చెప్పనక్కర్లేదు. ఫీల్డులో తాను రాసుకున్నది సాయంత్రానికి ఎగిరిపోతే ఎలా ఉంటుందని సారు సుధాకర్‌ను అడిగారు. అతను మళ్లీ వచ్చినప్పుడు, కొట్టిన ప్రతి లైనూ అప్పటికప్పుడు ఒక ఫైల్లో పడేట్టు చేశాడు. కరెంటు పోతే స్మృతి ఖాళీ అవుతుందని పుస్తకంలో ఉంది సార్, ఇది నిలవదు అని నేను వాదించాను. "ఆ పుస్తకం రాసినాయప్ప మన కంప్యూటర్ను సూసినాడామ్మా?" అన్నారు సారు. మర్నాడు పైబాణం నొక్కితే నిన్నటి మాటలన్నీ వరసగా వచ్చాయి. ఫైళ్ల సంగతి ఆ లేని పదహారు పేజీల్లో ఉండి ఉంటుంది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. సారు చేలకు పోయాక ఆఫీసులో మాట్లాడే దిక్కు ఉండేది కాదు. ఆ నల్లతెర ఏం చెప్పినా మర్యాదగా "మళ్లీ చెప్పండి" అంటుంది. అంత ఓపికగా అడిగినవాళ్లు నాకు అంతవరకు దొరకలేదు. అందుకని మనసులో ఉన్నదల్లా అక్కడ కొట్టేదాన్ని. "ఈ సారుకు రోజుకు నాలుగు టీలు తాగడం తప్ప పని లేదు." "కొబ్బరికాయ మీద రాసేవాడు శాస్త్రజ్ఞుడంట." "ఫ్యాను తన వైపే తిప్పుకుంటాడు." ఇవన్నీ హిస్టరీ ఫైల్లో పడుతున్నాయని తెలుసు. సారు కీబోర్డు ముట్టుకోరు గనుక, ఉద్యోగం మానే రోజు "హిస్టరీ తుడువు" అని ఒక్క ఆజ్ఞ కొడితే సరిపోతుందని నా ధీమా.

ఒకరోజు పొద్దున్నే పుస్తకంలోని అభ్యాసం ఒకటి చేద్దామని, సాధన కోసం వేరుగా ఉంచిన ఉత్తుత్తి పద్దులో ఏవో పేర్లు ఎక్కించి, చివర "తుడువు అన్నీ" కొట్టి శుభ్రం చేశాను. తర్వాత ఒక మీట నొక్కి అసలు పద్దుకు మారాను. అప్పుడే వేంపల్లె దగ్గరి రైతు నాగన్న మెట్లెక్కి వచ్చాడు. ఆయన చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. మూడో దానికి సారు నెల కిందట చోటు చూసి రాయి పాతి వచ్చారు. సేద్యానికి వచ్చిన ట్రాక్టరు ఆ రాయిని దొర్లించేసింది. బోరు బండి రేపు తెల్లవారేసరికి తోటకు వస్తుంది. రేపు తప్పితే మళ్లీ నెల దాకా రాదు. చెట్లు ఇప్పటికే ఆకు రాలుస్తున్నాయి. ముందురోజే నాగన్న రికార్డు చూశాను గనుక, అది పైబాణానికి దగ్గర్లోనే ఉంటుందనుకొని, తెర చూడకుండా ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టాను.

వచ్చింది "తుడువు అన్నీ." హిస్టరీకి మనం అన్న మాట గుర్తుంటుంది, ఏ పద్దులో అన్నామో గుర్తుండదు. తెర మీద "తుడిచాను" అని ఒక్క ముక్క కనిపించింది. ఫ్లాపీలో నకలు ఉంది గాని, అది రెండు నెలల కిందటిది.

ఇంకా చేలకు బయల్దేరని సారుకు జరిగింది చెప్పాను. ఆయన నాగన్నను కూర్చోబెట్టి, గట్టు నుంచి ఎన్ని అడుగులో గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకున్నారు. పోయిన రికార్డులన్నీ ఒకచోట భద్రంగా ఉన్నాయని నాకొక్కదానికే తెలుసు. రెండు నెలలుగా నేను కొట్టిన ప్రతి "చేర్చు" హిస్టరీలో ఉంది. ప్రతి "చేర్చు" పక్కనా నా నోటి తీట కూడా ఉంది. "హిస్టరీ తుడువు" అని కొట్టాను. వేలు ఎంటర్ మీద పెట్టి ఉంచాను. నాగన్న తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకొని, "రేపు బండి వచ్చి ఉత్తగా పోతాదేమో సామీ" అన్నాడు, ఎవరితోనూ కాదు. నేను కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి చెరిపేశాను. సారు దగ్గరికి పోయి, అన్నీ ఉన్నాయి, అచ్చు తీస్తాను, కానీ మీరు చదవొద్దు అన్నాను.

"సదవకుండా యాడుండాదో ఎట్ల తెలుస్తాదమ్మా?" అన్నారు.

ప్రింటరు గీమని అరుస్తూ బారెడు కాగితం కక్కింది. సారు కళ్లద్దాలు పెట్టుకొని, ఆ పొద్దుటి ఉత్తుత్తి లైన్లు దాటి, కొస నుంచి వెనక్కి, మీటరు కొలతలు చదివే గొంతుతోనే గట్టిగా చదివారు. "చూపు నాగన్న. ఫ్యాను తన వైపే తిప్పుకుంటాడు. చేర్చు పుల్లయ్య, పడమర మడి. ఈ సారుకు రోజుకు నాలుగు టీలు తాగడం తప్ప పని లేదు. చేర్చు నాగన్న, తూర్పు గట్టు నుంచి నలభై రెండడుగులు, బావి నుంచి అరవై." అక్కడ వేలు పెట్టి ఆగారు.

నాగన్న ఆ అంకెలు రెండుసార్లు అనుకొని చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఈ ఫ్యాను మాట యా బోరులో పడిందమ్మా? శానా లోతు నుంచి వచ్చినట్టుండాదే" అన్నాడు. సారు నవ్వలేదు. ఫ్యానును నా వైపు తిప్పి, మిగిలినవన్నీ ఎక్కించమని చెప్పి, నాగన్నతో పాటు మెట్లు దిగిపోయారు.

సాయంత్రం దాకా ఒక్కదాన్నే కూర్చొని, ఆ కాగితం చూసి ఒక్కొక్క రికార్డూ మళ్లీ కొట్టాను. ప్రతి దాని పక్కనా నా మాట నేనే చదువుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాటాక, నేను కొట్టని లైన్లు కొన్ని కనిపించాయి. అంతకుముందు నెల నాకు జ్వరం వచ్చి రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. అప్పటివి. "చూపు మైదుకూరు", "చూపు వేంపల్లె", "చూపు రాజంపేట" అంటూ ఊళ్ల పేర్లు పది వరసగా ఉన్నాయి. వాటి కింద దాచినట్టుగా, ఒంటి వేలితో కొట్టిన తప్పులతో ఇంకో లైను ఉంది. తప్పులు దిద్ది చదువుకుంటే ఇదీ. "అమ్మా టీలు ఐదు. కాయలు తింటాండేది మీ ఇంట్లోనే."

మర్నాడు ఆయన రాగానే, ముందే చూశారా సార్ అని అడిగాను. ఆయన సంచిలోంచి కొత్త కాయ తీసి బల్ల మీద పెట్టారు. "సూసినా. నువ్వు తిట్టిన దినం ఒక్క కొలతా తప్పు పోలేదు. గమ్మునున్న దినమే తప్పులు. ఎందుకు ఆపల్లమ్మా?" అన్నారు. నాగన్న తోటలో ఆ రోజు రెండంగుళాల నీళ్లు పడ్డాయి. వారం తర్వాత ఆయన ఒక గోతం చీనీ కాయలు పంపాడు. సారు అందులో ఒక కాయ మీద స్కెచ్ పెన్నుతో "తూర్పు గట్టు, 42" అని రాసి, దాన్ని మాత్రం ఎవర్నీ తిననివ్వలేదు.

నేను మరో మూడేళ్లు అక్కడే పనిచేసి, తర్వాత కడపలో సొంతంగా ఇంటర్నెట్ సెంటరు పెట్టుకున్నాను. మానే రోజు హిస్టరీ తుడవలేదు. ఆ ఫైలును సారు అనుమతితో నకలు తీసుకొని తెచ్చుకున్నాను. ఇప్పటికీ పైబాణం నొక్కాక ఎంటర్ మీంచి వేలు ఎత్తి, వచ్చిన లైను ఒకసారి చదువుతాను. కోపం వచ్చినప్పుడు ఎవరి గురించైనా రాయబోతే, అది ఆ మనిషి తన గొంతుతో గట్టిగా చదివితే ఎలా ఉంటుందో అనుకుంటాను. చాలాసార్లు అయినా రాస్తాను. ఈసారి అంకెలు మాత్రం సరిచూసుకొని రాస్తాను.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. గట్టు కొలత మళ్లీ గుర్తుచేసిన నాగన్నకు, పాత ప్రోగ్రామును నా కొత్త కంప్యూటర్లో నడిపించి ఇచ్చిన సుధాకర్‌కు, ఆ పుస్తకాన్ని నాకు మూడుసార్లూ గడువు దాటినా ఏమీ అనకుండా ఇచ్చిన గ్రంథాలయం రజియా మేడమ్‌కు, అన్నేళ్లూ కొబ్బరి చట్నీకి వంక పెట్టని మా అమ్మకు. సారు పోయి నాలుగేళ్లయింది. ఆయనకు ఎక్కడ చెప్పాలో తెలియక, నిన్న ఆ నల్లతెర తెరిచి, "ఓబులేసు సార్, థాంక్స్" అని కొట్టాను. వేలు ఎత్తి, లైను చదివి, ఎంటర్ నొక్కాను.

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంది.

మళ్లీ చెప్పాను.